అవతలి ఒడ్డు కనపడే నీళ్ళు

రండి, ఇట్లా దగ్గరికి జరగండి. సుబ్బారావు, ఆ బీడీ ఆర్పెయ్, పొగలో నా మాట దారి తప్పుతుంది. ఆ చివరనున్న ఇద్దరూ దాణా సంగతి తర్వాత పోట్లాడుకుందురుగాని, ఇప్పుడు నోళ్ళు కాస్త కట్టెయ్యండి. గుడివాడ బస్సు వచ్చేదాకా మన జట్కాలకు బేరాలు ఎట్లాగూ ఉండవు. గుర్రాలు కూడా చెవులు నిక్కించాయి చూడండి. వాటికున్న బుద్ధి మీకూ ఉండాలి.

నా గుర్రం సుల్తాను సంగతి మీకు తెలుసు. ఒకసారి పెడన నుంచి బందరు వస్తుంటే ఎంత వేగంగా పరిగెత్తిందంటే, దాని నీడ వెనకబడిపోయింది. మేం ఇల్లు చేరి, దాణా పెట్టి, నేను టీ తాగి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక, అప్పుడొచ్చింది నీడ. రొప్పుకుంటూ వచ్చి గుర్రం కింద పడుకుంది.

మీరైతే అబద్ధం అంటారు. మా సఫియా అట్లా అనేది కాదు. చిన్నప్పుడు నా ఎదురుగా కూర్చుని అంతా విని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, "అంతేనా నాన్నా?" అనేది. ఆ మాట అన్నాక నేను ఊరుకోకూడదు. కథ ఇంకాస్త పెరగాలి. "అంతేనా ఏంటమ్మా, ఆ నీడకి కూడా నాడాలు కొట్టించాల్సొచ్చింది" అనేవాణ్ణి. "అంతేనా?" అనేది మళ్ళీ. "నాడాలు కొట్టేవాడి నీడ కూడా కూలి అడిగింది." అప్పుడు నవ్వేది. అదీ మా ఇంటి పద్ధతి. వాళ్ళమ్మ జోహ్రా తొందరగా కాలం చేసింది. నేనూ, సఫియా, గుర్రమూ. మా ముగ్గురితోనే ఇల్లు నిండుగా ఉండేది.

తర్వాత నాగాయలంక సంబంధం వచ్చింది. పిల్లాడు రహంతుల్లా గాజులమ్మేవాడు. మనిషి నెమ్మది. పెళ్ళి చేసి పంపాను. ఆ రోజు నుంచీ నా కథలన్నీ గుర్రానికే చెప్పుకున్నాను. గుర్రం బాగా వింటుంది గానీ, అంతేనా అనదు.

ఉప్పెన సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. తాటిచెట్టంత అల వచ్చిందని నేను ఏనాడో అబద్ధం చెబితే మీరంతా నవ్వారు. ఆ కార్తీకంలో సముద్రం దివిసీమ మీదికి తాటిచెట్టంత ఎత్తున వచ్చింది. నేనింక అంతకన్నా పెద్దది ఏం చెప్పను?

నాగాయలంక నుంచి సఫియా ఒక్కతే వచ్చింది. బియ్యం బస్తాలు దించేసిన లారీలో వచ్చి, మన కోనేరు సెంటర్లో దిగి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. రహంతుల్లా రాలేదు. వాళ్ళ పిల్లాడు లాల్ రాలేదు. వాడికి అప్పటికి మాటలు కూడా సరిగ్గా రాలేదు. నన్ను తాతా అనబోయి గుర్రాన్ని తాతా అనేవాడు.

వచ్చిన దగ్గర్నుంచీ సఫియా ఇంట్లో ఉంది, లేదు. అన్నం వండేది. నా చొక్కాకి గుండీ ఊడితే కుట్టేది. అడిగినదానికి ఆ, ఊ. గుమ్మం దాటేది కాదు. వీధిలో బావి ఉంటే దాని దగ్గరికి పోయేది కాదు, నీళ్ళు నేనే తెచ్చేవాణ్ణి. గ్లాసులో నీళ్ళు పోస్తే ముందు అందులోకి తొంగి చూసి తర్వాత తాగేది. నేను కథలు చెప్పేవాణ్ణి. సుల్తానుకి రెక్కలు మొలిచి చర్చి మీద వాలిన కథ, నేను పీతతో పేకాడి ఓడిపోయిన కథ. కథ ఆపి దాని మొహంలోకి చూసేవాణ్ణి, ఆ ఒక్క మాట అంటుందేమోనని. అది కంచాలు తీసుకుని లేచి వెళ్ళిపోయేది.

నన్ను అడిగిందల్లా ఒకే ఒకటి. "నాన్నా, ఒక తాడు తెచ్చిపెట్టు. పొడుగ్గా ఉండాలి."

పడవలవాళ్ళ దగ్గర కొబ్బరితాడు చుట్ట ఒకటి కొనుక్కొచ్చాను. మూరలేసి చూసింది. "చాలదు. ఇంకోటి తే." ఇంకోటి తెచ్చాను. రెంటినీ ముడేసి తలదిండు కింద పెట్టుకుంది. ఎందుకని నేను అడగలేదు. మీరైనా అడగలేరు.

ఇట్లా ఉండగా రెండో వేసవి వచ్చింది. బస్సు కండక్టరు దేవసహాయం మీకందరికీ తెలిసినవాడే. మా ఇంటి గుమ్మంలో కూర్చుని టీ తాగుతూ, లోపల సఫియాకి వినపడకుండా అన్నాడు.

"బావా, ఆదివారం మా చర్చి సంఘం వాళ్ళందరూ పిల్లాజెల్లాతో మంగినపూడి వెళ్తన్నారు. మీ పిల్లని కూడా ఓ పూట ఎక్కడికన్నా తీసుకుని వెళ్ళు. నీ ఇల్లు చూస్తుంటే ఆఖరి ట్రిప్పులో ఖాళీ బస్సులాగా ఉంది."

"ఖాళీ బస్సులో నువ్వు కాళ్ళు చాపుకుని పడుకోవా?"

"పడుకుంటా. నిద్ర పట్టదు బావా."

ఆ సాయంత్రం సఫియా కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. "ఆదివారం గుడివాడ వెళ్ళి సినిమా చూద్దామా అమ్మా?" అన్నాను.

"సినిమా వద్దు."

"ఘంటసాల వెళ్దాం. అక్కడ పాతకాలం ఇటుకల దిబ్బ ఉంది. ఒక్క ఇటుక తీస్తే కింద నుంచి ఎవరో తుమ్ముతారట."

 వంకాయలన్నీ అయ్యాయి. ముచ్చికలు కూడా తరిగింది. అప్పుడు అంది. "నీళ్ళ దగ్గరికి వెళ్దాం నాన్నా."

గుర్రం మాట్లాడితే చూసినట్టు చూశాను. "నీళ్ళ దగ్గరికా?"

"బావి దగ్గరికి కూడా పోలేకపోతన్నా. ఇట్టా ఎన్నాళ్ళు తలుపేసుకుని కూర్చుంటాను? ఒక్కసారి ఎదురుగా నిలబడి చూడాలి. చూడగలిగితే సరే. లేకపోతే ఇంక నన్ను ఏ చోటికీ పిలవకు. నా మానాన నన్ను ఒదిలెయ్."

"మరి ఎక్కడికెళ్దాం?"

"చోటు నువ్వు చూసి రా. అవతలి ఒడ్డు కనపడాలి. అడుగు కనపడాలి. చప్పుడు చెయ్యకూడదు."

"పెళ్ళికొడుక్కి కూడా ఇన్ని షరతులు పెట్టలేదమ్మా నువ్వు."

నవ్వలేదు. వంకాయలు ఉప్పునీళ్ళలో వేసి, గిన్నె మీద మూత పెట్టేసింది.

ఇంక నా తిరుగుడు మొదలయింది. ఒకే ఒక్క చోటు కావాలి, ఒకే ఒక్కసారి. తప్పు చోటికి తీసుకెళ్ళానంటే తలుపు ఇంక తెరుచుకోదు.

మొదట మంగినపూడి వెళ్ళాను. కుదరదని తెలుసు, అయినా బేరం ఉంది కదా అని వెళ్ళాను. అవతలి ఒడ్డు కోసం గుర్రం మీద పెట్టె పెట్టి, పెట్టె మీద నిలబడి చూశాను. కనపడింది. అవతల ఎవరో ముసలాయన చేపలు ఎండేసుకుంటున్నాడు. పలకరించాను గానీ మన భాష కాదు.

అట్లా అని మీకు చెప్పచ్చు. కానీ ఆ రోజు నాకేమీ కనపడలేదు. నీళ్ళు, నీళ్ళ అవతల నీళ్ళు. దేవసహాయం సంఘం పిల్లలు కేకలేసుకుంటూ తడుస్తున్నారు. నేను ఒక్కణ్ణీ పక్కకి పోయి నిలబడితే, సముద్రం నా కాళ్ళ దాకా వచ్చి, ఏమీ తెలియనట్టు వెనక్కి పోయింది. కాసేపు దానికేసి చూశాను. తిట్టడానికి కూడా మాట దొరకలేదు.

దేవసహాయం హంసలదీవి పేరెత్తాడు. "కృష్ణ సముద్రంలో కలిసే చోటు బావా, చూడాల్సిందే." నేను వాడి వైపు చూశాను. ఏ దారిన వెళ్ళాలో వాడికి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. పులిగడ్డ దాటితే దివిసీమే కదా. టికెట్ల సంచి సర్దుకున్నాడు. "పోనీ గుడివాడ వెళ్దాం రా," అన్నాడు. "అక్కడ రైసుమిల్లు అంకమ్మరావు గారు కొత్తగా నీళ్ళ తోట పెట్టారు. జనం ఎగబడి చస్తన్నారు."

వాడి బస్సులోనే వెళ్ళాను. నీళ్ళ తోట అంటే ఏమిటో మీలో చూసినవాళ్ళు లేరు కాబట్టి చెబుతాను. మిల్లు వెనక స్థలంలో సిమెంటు తొట్టి కట్టించాడాయన. ఆ తొట్టిలోకి ఏటవాలుగా, ఏనుగు తొండం లాగా సిమెంటు జారుడుబండ. పైనుంచి పంపుసెట్టు నీళ్ళు వదులుతుంది. మనుషులు ఆ నీళ్ళతో పాటు జారి తొట్టిలో పడతారు. పడి, లేచి, మళ్ళీ మెట్లెక్కి, మళ్ళీ పడతారు. ఒకాయన పంచె ఊడింది తెలియకుండా మూడు తడవలు జారాడు. పంచె మాత్రం నాలుగు తడవలు జారింది.

గేటు దగ్గర వెంకటస్వామి అనే ఆయన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఫ్యామిలీలనే పంపుతాం. మీరు ఎంతమంది?"

"ఇద్దరం. నేనూ మా అమ్మాయీ. ఆదివారం తీసుకొస్తా."

"ఇద్దరు ఫ్యామిలీ ఎట్టా అవుతారండీ? కనీసం ఓ పిల్లాడన్నా ఉండాలి."

"ఉండేవాడండీ," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నేను సర్దుకుని, "గుర్రం ఉంది, గుర్రంతో ముగ్గురం" అన్నాను.

"గుర్రాలకి ప్రవేశం లేదు."

"అదేం జారదు లెండి. కూర్చుని చూస్తుంది."

"కూర్చునే గుర్రమైతే అంకమ్మరావు గారిని అడగాలి," అన్నాడాయన, నిజంగానే ఆలోచిస్తూ.

నన్ను లోపలికి పంపి చూడనిచ్చాడు, మంచివాడు. కానీ తొట్టి నీళ్ళు పచ్చగా ఉన్నాయి, అడుగు కనపడదు. పంపుసెట్టు మోత, పైనుంచి నీళ్ళు దభాలున పడే మోత. ఆ మోతలో అందరూ నవ్వుతున్నారు. ఒక్కో కుటుంబం చేతులు పట్టుకుని గొలుసులాగా జారుతోంది. నేను చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద నిలబడ్డాను. ఎవరి చెయ్యో ఖాళీగా ఉందేమోనని చూశాను. లేదు. బయటికి వచ్చేశాను.

ఇంటికి రాగానే సఫియా, "దొరికిందా?" అంది. తాడు అడిగాక, తనంతట తను నన్ను ఒక మాట అడగటం మళ్ళీ అదే.

"దొరుకుతుంది," అన్నాను.

మర్నాడు బెజవాడ రోడ్డు మీద ఒక బేరం దించి వస్తూ, కాలవ నీళ్ళు ఆపి వదిలే లాకుల దగ్గర సుల్తానుకి నీళ్ళు పెట్టడానికి ఆగాను. బందరు కాలవ. అవతలి గట్టు మీద తుమ్మచెట్టు, దాని కొమ్మ మీద కొంగ, అన్నీ కనపడుతున్నాయి. లాకు మెట్ల దగ్గర నీళ్ళు తేటగా ఉన్నాయి. మెట్టు కింద మెట్టు, దాని కింద ఇసుక, ఇసుక మీద నత్త. చప్పుడు లేదు. కంచంలో పోసిన పప్పుచారు లాగా కదలకుండా ఉంది కాలవ. ఎన్నేళ్ళ నుంచో రోజూ దాని పక్కనే తిరుగుతూ, నీళ్ళ కోసం ఊళ్ళు పట్టుకుని వెతికాను చూడండి.

లాకుల దగ్గర పనిచేసే నాంచారయ్య గట్టు మీద కూర్చుని చేపల వల బాగు చేసుకుంటున్నాడు. "ఆదివారం మా అమ్మాయిని తీసుకొస్తా, నీళ్ళుంటాయా?" అన్నాను.

"కాలవ కట్టేస్తామని బోర్డు పెట్టారు. చూడలేదా?"

చూశాను. మన డెల్టాలో పుట్టినవాడు ఎవడైనా ఆ బోర్డు చూస్తాడు, ఎవడూ నమ్మడు. ప్రతి వేసవిలోనూ ఫలానా తేదీన కాలవలు కట్టేస్తామని రాస్తారు. రైతులు వెళ్ళి చేలు ఎండుతున్నాయని మొత్తుకుంటారు. తేదీ జరుగుతుంది. మళ్ళీ జరుగుతుంది. ఆ బోర్డు నమ్మి నీళ్ళు పట్టి దాచుకున్నవాణ్ణి పిచ్చివాడంటారు.

"అన్న మాట ప్రకారం కట్టిందెప్పుడు?" అన్నాను.

"అదీ నిజమే," అన్నాడు నాంచారయ్య. "జరుపుతారులే. రా."

ఆదివారం పొద్దున్నే సఫియా స్నానం చేసి, అన్నం మూట కట్టింది. గోంగూర రొయ్యలు వండింది. వాళ్ళమ్మ చేసినట్టే ఉన్న వాసన. గుమ్మం దగ్గర కాసేపు ఆగింది. లోపలికి వెళ్ళి తాడు తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని జట్కా ఎక్కింది. దారి పొడుగునా కొంగు మొహం మీదికి లాక్కునే ఉంది. నేను ఆపకుండా మాట్లాడాను. సుల్తాను తోక ఊపితే ముదినేపల్లిలో వడ్లు తూర్పారబట్టుకున్నారని చెప్పాను.  చక్రాల చప్పుడు, గంట చప్పుడు. దాని చేతులు మాత్రం తాడు మీద ముడి దగ్గరే తిరుగుతున్నాయి.

లాకుల దగ్గర జట్కా ఆపి, నేను ముందు దిగి, కాలవలోకి చూశాను.

నీళ్ళు లేవు.

ఆ ఏడు బోర్డు నిజం చెప్పింది. తడి ఇసుక, అక్కడక్కడా మడుగులు, పాచి పట్టిన మెట్లు, ఒక చెప్పు, పగిలిన కుండ. ఒక మడుగులో చిన్న చేపలు ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్నాయి. కొంగలు పిలవని పెళ్ళికి వచ్చినట్టు వరసగా నిలబడ్డాయి. నాంచారయ్య గది తలుపుకి తాళం ఉంది.

 ఒక్కసారి అంది కదా అది. ఆ ఒక్కసారీ నేను దాన్ని ఎండిపోయిన కాలవ దగ్గరికి తెచ్చాను. నోట్లో ఎప్పుడూ ఒక కథ తయారుగా ఉండే మనిషిని, ఆ పూట నాకు ఒక్క అబద్ధం తట్టలేదు.

సఫియా దిగి వచ్చి నా పక్కన నిలబడింది. కొంగు వెనక్కి జరిపి చాలాసేపు చూసింది.

"ఇదేనా నాన్నా?"

"మొన్నటిదాకా నీళ్ళున్నయ్యమ్మా. నేను చూశా. కట్టేశారు."

"అవతలి ఒడ్డు కనపడతంది," అంది. కొంచెం ఆగి, "అడుగు కూడా," అంది.

పడవలు కట్టుకునే రాయి ఉంటుంది కదా గట్టు మీద, దానికి తాడు ఒక కొస బిగించి కట్టింది. రెండో కొస నడుముకి కట్టుకుంది. కట్టుకుని మెట్లు దిగటం మొదలుపెట్టింది. నేను వద్దనలేదు. ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుని, నీళ్ళల్లోకి దిగినట్టే దిగింది. చివరి మెట్టు దగ్గర ఊపిరి బిగబట్టింది. తడి ఇసుకలో పాదం పెట్టింది. పాదం కొంచెం దిగబడి ఆగింది. అక్కడే కూర్చుండిపోయింది.

నేను అన్నం మూట, నీళ్ళ చెంబు పట్టుకుని దిగాను. ఇద్దరం కాలవ అడుగున కూర్చున్నాం. కింద నుంచి చూస్తే గట్లు ఎంత ఎత్తో. పైన సుల్తాను తల ఒక్కటే కనపడుతోంది. ఊరు లేదు, రోడ్డు లేదు.

లాకు గోడ మీద పాచి గీత ఉంది, నీళ్ళు ఎక్కడిదాకా ఉండేవో చెబుతూ. సఫియా లేచి నిలబడి చెయ్యెత్తింది. గీత అందలేదు.

"మా ఇంటి దగ్గర ఇంతకన్నా ఎత్తు నాన్నా," అంది.

నేను చెంబు కింద పెట్టాను.

"ఆయన మంచం నులక విప్పాడు. నన్ను తాటిచెట్టు దగ్గర నిలబెట్టి కట్టాడు. ముందు నన్నే కట్టాడు. లాల్‌ని నా చేతుల్లో పెట్టాడు. వాణ్ణి కూడా కలిపి కడదామని చూశాడు. ఇంక తాడు లేదు."

ఆపేసింది. మడుగులో చేపల చప్పుడు. సఫియా తలెత్తి నా మొహంలోకి చూసింది. కథ ఆపి దాని మొహంలోకి నేను ఎట్లా చూసేవాణ్ణో, ఎన్ని రాత్రులు చూశానో, అదే చూపు. అప్పుడు తెలిసింది నాకు. ఇన్నాళ్ళూ ఆ మాట అది అంటుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆ మాట నా నోటి నుంచి రావాలని అది ఎదురుచూస్తోంది.

"అంతేనా అమ్మా?" అన్నాను.

"కాదు," అంది.

చెప్పింది. ఏం చెప్పిందో మీకు చెప్పను. ఆ మాటల్ని పెంచటం నా వల్ల కాదు, తగ్గించటం అసలే కాదు. అది ఆగిన ప్రతిసారీ నేను అంతేనా అన్నాను. అన్నప్పుడల్లా ఇంకొంచెం చెప్పింది. ఎండ ఇటు గట్టు మీది నుంచి అటు గట్టు మీదికి పోయింది. అన్నం అట్లాగే ఉంది. చివరికి నేను అంతేనా అంటే, "అంతే" అంది.

అప్పుడు మూట విప్పాం. దానికి దప్పిక వేసినట్టుంది, చెంబు ఎత్తి లోపలికి చూసింది. చూసే తాగింది.

తింటూ ఉండగా గట్టు మీద గేదెలు తోలుకుని పోయే మనిషి ఒకాయన ఆగాడు. నెత్తిన తలగుడ్డ, చేతిలో కర్ర. ముందు రాయి దగ్గర ముడి చూశాడు. తాడు వెంబడి చూపు దించుకుంటూ వచ్చి సఫియా నడుము దగ్గర ఆపాడు. ఎండిన కాలవలో గోంగూర అన్నం తింటున్న మమ్మల్నిద్దర్నీ చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. తర్వాత కంగారుపడుతూ గట్టిగా కేకేశాడు.

"అమ్మాయ్, ఆ మిగిలిన తాడు ముసలాయనక్కూడా కట్టమ్మా. మీరు కూర్చున్న చోట మనిషి లోతు. మొన్న అక్కడే మా గేదె మునిగిపోబోయింది."